మహాసభకు వెళ్లిన పళ్లసెట్టు

నేను ఒక పళ్లసెట్టును. నవ్వకండి. నవ్వితే మీ పళ్లూ బయటపడతాయి, అందులో సొంతవెన్నో కట్టించుకున్నవెన్నో నాలాంటివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. పైవరసా నేనే, కిందివరసా నేనే. నోరు మూస్తే నాకు చీకటి, తెరిస్తే లోకం. ఆ లెక్కన నాది మంచి జాతకమే, ఎందుకంటే నేను పడింది పార్టీ నినాదాలిచ్చే మనిషి నోట్లో. ఏ మౌనవ్రతం పట్టే పెద్దావిడ నోట్లోనో పడి ఉంటే మీకు చెప్పుకోవడానికి నా దగ్గర ఏముండేది?

నేను పుట్టింది ఒక నాయకుడి పుట్టినరోజు పుణ్యాన. కోనసీమలో పార్టీవాళ్లు ఉచిత పళ్ల శిబిరం పెట్టారు. బోసినోటి పెద్దవాళ్లని బెంచీల మీద వరసగా కూర్చోబెట్టి, నోట్లో మెత్తటి ముద్ద కుక్కి, అచ్చులు తీసుకుపోయారు. ఆ అచ్చుల మీద గులాబీరంగు చిగుళ్లు, చిగుళ్లలో తెల్లటి పళ్లు. ఒకే బల్ల మీద గంపెడు సెట్లం తయారయ్యాం. ఒకదానికీ ఒకదానికీ తేడా మాకే తెలిసేది కాదు. పుట్టినరోజు నాడు మమ్మల్ని పళ్లేల్లో పేర్చి తెచ్చారు. నాయకుడుగారు ఒక్కో సెట్టునూ పైకెత్తి కెమెరాకి చూపించి మరీ పంచిపెట్టారు. పళ్లిచ్చిన నాయకుడి మీద ఎవరు మాత్రం పళ్లు నూరతారు చెప్పండి. రాజకీయం అంటే అదీ.

నన్ను అందుకున్న మనిషి కుడుపూడి బంగారయ్య. ఊరు గంటిలంక. పని కొబ్బరికాయల ఒలుపు, ప్రాణం పార్టీ. ఊరేగింపు ఏదైనా ముందు నడిచి నినాదం ఎత్తుకునేది ఆయనే. నాయకుల పేర్లకి జిందాబాద్ కొట్టించడం అందరూ చేసేదే. ఈయనకి మాత్రం తను కట్టుకున్న సొంత నినాదం ఒకటుంది. "జెండా మోసిన భుజానికీ..." అని సాగదీసి వదులుతాడు. జనం "జై" అంటారు. ఆ "భుజానికీ" దగ్గర గాలి పీల్చుకోకుండా వీధి చివరిదాకా లాగుతాడు. ఆ మాట నా మీదుగానే కదా బయటికి వచ్చేది, అందుకని ఆ నినాదంలో సగం గొప్ప నాదేనని నాకు గట్టి నమ్మకం.

అయితే ఇన్నేళ్లూ ఆయన నినాదాలిచ్చింది కింద నిలబడే. స్టేజీ మెట్టు ఎక్కిన పాపాన పోలేదు. ఈసారి పార్టీవాళ్లకి ఏం బుద్ధి పుట్టిందో, గుంటూరు దగ్గర జరిగే రాష్ట్ర మహాసభలో జిల్లాకో కార్యకర్త స్టేజీ ఎక్కి నినాదమివ్వాలన్నారు. మా జిల్లా నుంచి బంగారయ్య పేరు వచ్చింది. కబురు తెలిసిన పూట ఆయన అన్నం దగ్గర్నుంచి సగంలో లేచిపోయి, పెరట్లో కొబ్బరిపీచు గుట్టకి ఎదురుగా నిలబడి ఆ నినాదమే ఇచ్చుకున్నాడు. ఆ పీచుగుట్టే లక్షమంది జనం అనుకున్నాడు కాబోలు. ఒక్కసారి ఆ మాట పైనుంచి వినిపిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదని భార్యతో అన్నాడు. ఆవిడ అన్నం చల్లారిపోతోందని అంది.

ఇక్కడ వాసంశెట్టి అబ్బులుగారి గురించి చెప్పాలి. గంటిలంక పార్టీ అధ్యక్షుడు. ఇస్త్రీ ఖద్దరు, నిలువెత్తు మనిషి, పిడికెడు గొంతు. అధ్యక్షుణ్ణి నేనుండగా నినాదాలిచ్చేవాణ్ణి స్టేజీ ఎక్కించడమేంటని ఆయన బాధ. ఆయనవీ కట్టుడు పళ్లే, మా శిబిరం పళ్లే. కానీ ఆ సంగతి పైకి రానివ్వడు. శిబిరంలో అందరూ వెళ్లిపోయాక తెరచాటున అచ్చు ఇప్పించుకున్నాడు. ఊళ్లో అందరికీ అనుమానమే గాని ఆయన బోసినోరు కళ్లారా చూసినవాళ్లు లేరు, కట్టుకున్న భార్యతో సహా. ఒక్క బంగారయ్యకి తెలుసు, ఆరోజు బెంచీ మీద ఆయన పక్కనే కూర్చున్నాడు కాబట్టి.

ఊరికి ఒక్కటే వాహనం పాసు ఇచ్చారు. అందుచేత రెండు వర్గాలూ ఒకే సుమోలో ఇరుక్కున్నాయి. శనివారం పొద్దున బయల్దేరి, ఆదివారం సభ చూసుకుని ఇల్లు చేరాలని ప్లాను. ముందు సీట్లో డ్రైవర్ నూకరాజు, మధ్య సీట్లో ఇద్దరు పెద్దమనుషులు, వాళ్ల మధ్యలో తగువులు రాకుండా మండల మహిళా అధ్యక్షురాలు గంగాభవాని. ఆవిడ కుట్టుమిషను నడుపుకునే మనిషి, బట్టైనా మనిషైనా ఎక్కడ చిరుగుతుందో ముందే పసిగడుతుంది. బండి రావులపాలెం చేరకముందే తగువు మొదలైంది.

"ఒరే బంగారం, స్టేజీ అంటే చేలగట్టనుకున్నావేంటి. మైకు ముందు కాళ్లొణుకుతాయ్" అన్నాడు అబ్బులుగారు.

"నా కాళ్ల సంగతి నాకొగ్గెయ్యండి అబ్బులుగారూ. మీ గొంతు మన జెండా దిమ్మ దాకా కూడా ఎల్లదు కదండీ" అన్నాడు మా బంగారయ్య.

"నేను జిల్లా అధ్యక్షుడిగారితో మాట్లాడతాను. దేనికైనా ఓ పద్ధతుంటది. పేరు మార్పిస్తాను, చూస్తూండు."

"మార్పించండి. మార్పిస్తే నేను బండి దిగి అక్కడే కూకుండిపోతాను."

"ఆయ్, ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకోండి. ఇంకా గోదారే దాటలేదు" అంది భవాని.

నాకు మాత్రం హాయిగా ఉంది. నోరు తెరుచుకున్నప్పుడల్లా గోదావరి గాలి. తణుకు దాటేదాకా వాళ్లు నోరు మూస్తే ఒట్టు.

తణుకు దాటాక రోడ్డు పక్క టిఫిన్ హోటల్ దగ్గర బండి ఆపారు. మీకో రహస్యం చెబుతాను. మనుషులు పళ్లు కట్టించుకునేది తినడానికని మీరనుకుంటున్నారేమో. వట్టిమాట. మాకు ఉన్న పని పెళ్లిళ్లు, ఫొటోలు, మీటింగులు. తినేటప్పుడు అడ్డమని తీసి పక్కన పడేస్తారు. తినడానికి పనికిరాని పళ్లు పెట్టుకుని తిరిగే ప్రాణి భూమ్మీద మనిషొక్కడే అనుకుంటాను. అబ్బులుగారికి బంగారయ్యంటే ఎంత ఒళ్లుమంటైనా, టిఫిన్‌కి మాత్రం ఆయన పక్కకే చేరాలి, బోసినోటితో కూర్చోగలిగేది ఆయనొక్కడి ముందే. భవానినీ నూకరాజునీ బయట బల్ల దగ్గర వదిలేసి, ఇద్దరూ లోపలి మూల బల్ల దగ్గర గోడకి ఎదురుగా సర్దుకున్నారు. కండువా అడ్డం పెట్టుకుని మమ్మల్ని తీసి చెరో స్టీలు గ్లాసులో వేశారు. రెండు గ్లాసుల్లో రెండు సెట్లం. పార్టీలో రెండు వర్గాలైనా బల్ల ఒక్కటే.

మెత్తటి ఇడ్లీలు చట్నీలో నంచుకుని సుబ్బరంగా తింటున్నారు. ఇంతలో బల్ల తుడిచే మనిషి తడిగుడ్డతో వచ్చాడు. కుడివైపు గ్లాసు ఎడమవైపు జరిపాడు, ఎడమవైపుది కుడివైపు జరిపాడు, బల్ల తళతళలాడేలా తుడిచి వెళ్లిపోయాడు. బయట నూకరాజు హారన్ కొట్టాడు. ఇద్దరూ గబగబా కండువా అడ్డం పెట్టుకుని చేతికందిన గ్లాసులో చెయ్యి పెట్టారు. నేను అబ్బులుగారి నోట్లోకి వెళ్లిపోయాను. అరిచి చెప్పాలంటే నాకు నోరు లేదు, ఉన్న నోరు ఆయనది.

ఏం నోరండీ అది. అంతా చుట్ట వాసన. బంగారయ్య దవడ వెడల్పుది, ఈయనది సన్నం, నేను ఒకచోట నిలవను. పైకి చూస్తే జారుతున్నాను, కిందికి చూస్తే లేస్తున్నాను. అవతల బంగారయ్యకి అబ్బులుగారి సెట్టు బిగుసుకుపోయి చిగుళ్లు కోసుకుంటున్నాయి. పళ్లు మారాయన్న ఆలోచన ఒక్కరికైనా రావాలా? రాదు. ఎందుకంటే ఇద్దరిదీ ఒకే భయం. పెద్దతనం ముదిరిపోయిందేమో, దవడ అరిగిపోయిందేమో అని. పైగా ఆ మాట ఎదుటివాడి దగ్గర ఒప్పుకుంటే పరువేం కావాలి. అందుకని తేలుకుట్టిన దొంగల్లా ఇద్దరూ కిక్కురుమనకుండా కూర్చున్నారు.

ఏలూరు వచ్చింది, వెళ్లిపోయింది. మాట లేదు. విజయవాడ వచ్చింది. కృష్ణ మీద వంతెన దాటుతుంటే భవాని వాళ్ల మొహాలు మార్చి మార్చి చూసింది.

"ఏంటి నూకరాజూ, ఆ హోటల్లో ఏం పెట్టారు వీళ్లకి?" అంది.

"మనం తిన్నవేనండే."

"పెద్నాన్నగారూ, బంగారయ్య మావయ్యతో రాజీ పడిపోయారేంటండీ?"

అబ్బులుగారు పెదాలు బిగించి కిటికీలోంచి చూశాడు. కాదని చెప్పాలంటే నోరు తెరవాలి, తెరిస్తే నేను ఒళ్లో పడతాను. భవాని రెండు చేతులూ ఎత్తి కనకదుర్గమ్మకి దణ్ణం పెట్టుకుంది. అమ్మవారి మహిమే అనుకుంది పాపం.

మా జిల్లావాళ్లకి సభ దగ్గర్లోని ఒక కల్యాణమండపంలో బస ఇచ్చారు. బ్యానర్లు, కండువాలు, సాంబారు వాసన, ఎటు చూసినా మనుషులే. ఎంత చక్కగా చూశానంటారా? నా వల్ల అబ్బులుగారి నోరు పూర్తిగా మూతపడదు కదా, ఆ సందులోంచి. జిల్లా అధ్యక్షుడు ఎదురొచ్చాడు. అబ్బులుగారు దారంతా మనసులో బట్టీపట్టిన మాటలు నాకు తెలుసు. వాడి పేరు తీసేసి నా పేరు రాయించండి, ఇదీ సారాంశం. జిల్లా అధ్యక్షుడే ముందు అడిగేశాడు.

"అబ్బులుగారూ, రేపు మీ ఊరి బంగారయ్యగారిని స్టేజీ ఎక్కిస్తున్నాం. మీకేం అభ్యంతరం లేదు కదా?"

అబ్బులుగారు నోరు తెరిచాడు. అప్పుడు నేనే జారాను. పొరపాటున కాదు, కావాలనే. ఎవరి నోట్లో ఉన్నా నేను బంగారయ్య పళ్లని. ఆయన టక్కున నోరు మూసుకున్నాడు. మింగలేక కక్కలేక, కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడి, చివరికి తల అడ్డంగా ఊపాడు. అభ్యంతరం లేదన్నట్టు కుదిరింది.

జిల్లా అధ్యక్షుడు కరిగిపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లని పిలిచి, "చూడండయ్యా, క్రమశిక్షణంటే ఇదీ. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా" అని అబ్బులుగారి మెడలో తన కండువా తీసి వేశాడు. చప్పట్లు. అబ్బులుగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఎందుకు తిరిగాయో నాకూ ఆయనకీ తప్ప ఎవరికీ తెలీదు.

ఆ సంబరంలో ఒక సంగతి మరిచిపోయాను. స్టేజీ అయితే దక్కింది, మరి బంగారయ్య నోట్లో ఉన్నదేంటి? ఆ రాత్రి ఇద్దరూ మమ్మల్ని రహస్యంగా జేబుల్లో దాచుకుని పడుకున్నారు. నేను అబ్బులుగారి జేబులో కూర్చుని నాకే మొట్టికాయలు వేసుకుందామంటే చేతుల్లేవు. తెల్లారి స్టేజీ మీద నినాదం ఇవ్వాల్సినవాడికి పళ్లు లేకుండా చేసింది బల్ల తుడిచిన గుడ్డ అయితే, తప్పించుకునే దారి మూసింది నేను.

ఆదివారం పొద్దున అబ్బులుగారు మండపం వెనక కుళాయి దగ్గరికి వెళ్లేసరికి బంగారయ్య అక్కడ గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మెల్లగా సాధన చేసుకుంటున్నాడు. "జెండా మోసిన" అనేసరికి మాట తెగిపోతోంది. దవడ పట్టుకుంటున్నాడు, మళ్లీ మొదలుపెడుతున్నాడు, మళ్లీ తెగుతోంది. అబద్ధమెందుకు, అబ్బులుగారికి మొదట సంతోషమే వేసింది. పెదాల చివర నవ్వు కదిలింది, నాకు తగిలింది.

బంగారయ్య వెనక్కి తిరిగి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అబ్బులుగారూ, నోరు తిరగట్లేదండి" అన్నాడు, బిగబట్టిన పళ్ల సందునుంచి. "నిన్నట్నుంచీ ఇంతే. నా పనైపోయినట్టుంది. మీరెక్కండి. నేనే చెప్తాను అధ్యక్షుడిగారికి."

అబ్బులుగారు ఇంటి దగ్గర్నుంచి కోరుకుంటూ వచ్చింది ఇదే. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. అయినా ఏం లాభం? సొంత పళ్లు జారిపోతున్నాయని అనుకుంటున్న మనిషి లక్షమంది ముందు నోరెలా తెరుస్తాడు. అబ్బులుగారు అటూ ఇటూ చూసి, చెయ్యి అడ్డంగా ఊపి, బంగారయ్య భుజం మీద తట్టాడు. వద్దు, నువ్వే ఎక్కమని.

బంగారయ్య ఆ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "మీరింత పెద్దమనసున్నోరని ఇన్నాళ్లూ తెలీలేదండి. మిమ్మల్ని బండిలో అనరాని మాటలన్నాను" అన్నాడు.

అబ్బులుగారు ఆ చెయ్యి విడిపించుకుని గబగబా లోపలికి వచ్చేశాడు. ఇందాక పెదాల మీద కదిలిన నవ్వు ఇప్పుడు లేదు. టిఫిన్ దగ్గరికి కూడా వెళ్లలేదు.

సభ గురించి మీకు తెలిసిందే. పందిరి కింద ఇసుక వేస్తే రాలనంత జనం. స్టేజీకి అటూ ఇటూ ఇల్లంతేసి తెరలు, స్టేజీ మీద ఎవరు దగ్గినా వాటిమీద పెద్దగా కనిపిస్తారు. గంటిలంకవాళ్లకి ముందు వరసల్లోనే కుర్చీలు దొరికాయి. అబ్బులుగారి ఒక పక్కన భవాని, ఇంకో పక్కన నూకరాజు. జిల్లాల పేర్లు పిలుస్తున్నారు. ఒక్కొక్కరూ ఎక్కుతున్నారు, నాయకుల పేర్లు చెప్పి జిందాబాద్ కొట్టించి దిగుతున్నారు. మా జిల్లా పేరు పిలిచారు.

బంగారయ్య మెట్లెక్కాడు. మెడలో కండువా సర్దుకున్నాడు. మైకు ముందు నిలబడి చెయ్యెత్తాడు.

"జెండా మోసిన..."

అంతే. పెద్దగా నోరు తెరిచేసరికి బిగుసుకున్న పైవరస చిగుళ్లనుంచి ఊడి వచ్చేసింది. ఆయన అరచేత్తో పట్టుకున్నాడు గాని, అప్పటికే తెరల మీద అందరూ చూసేశారు. ఎక్కడో వెనకనుంచి ఒక నవ్వు మొదలైంది. దాన్ని పట్టుకుని ఇంకొన్ని. బంగారయ్య ఒక చేత్తో నోరు మూసుకున్నాడు, రెండో చేతిలో పళ్లు. మైకు వంక చూశాడు, మెట్ల వంక చూశాడు. ఒక అడుగు మెట్ల వైపు వేశాడు.

తెర మీద ఆ అరచేయి తలుపంత పెద్దగా కనిపిస్తోంది. అందులో పళ్లవరస. ముందుపన్ను ఒకటి ఓ మూల విరిగి ఉంది. ఏళ్ల తరబడి చుట్ట అక్కడే బిగించి కొరికి కొరికి విరిగిన పన్ను. చుట్ట కాల్చేది బంగారయ్య కాదు. అబ్బులుగారు కుర్చీలోనే కదలకుండా ఉండిపోయాడు. తన పన్నుని అంత పెద్దగా ఎవరు మాత్రం గుర్తుపట్టరు? నాలుకతో నన్ను ఒకసారి తడిమి చూసుకున్నాడు. ఈ మూల నుంచి ఆ మూలకి. నా పళ్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి. అప్పటికి అర్థమైంది మహానుభావుడికి.

ఊరుకుంటే సరిపోయేది. ఆయనకి పోయేదేముంది చెప్పండి? బంగారయ్య దిగిపోతాడు, ఈయన బోసినోటి రహస్యం ఇద్దరి మధ్యా ఉండిపోతుంది, నిన్న మెడలో పడ్డ కండువా అలాగే ఉంటుంది. ఆయన ఊరుకోలేదు. లేచి నిలబడ్డాడు. చాలదన్నట్టు కుర్చీ ఎక్కాడు. భవాని "పడతారు పెద్నాన్నగారూ" అంటూ కాళ్లు పట్టుకుంది. ఆయన నోట్లో చెయ్యి పెట్టి నన్ను బయటికి లాగాడు. ముందు పైవరస, తర్వాత కిందివరస. కండువా అడ్డం పెట్టుకోలేదు. నన్ను పిడికిట్లో పట్టుకుని చెయ్యి పైకెత్తాడు.

"ఒరే బంగారం" అని అరిచాడు. పిడికెడు గొంతని చెప్పానే, ఆ గొంతే. "నీయి నాకాడున్నాయ్. నాయి నీకాడున్నాయ్. పళ్లతో పనేంట్రా మనకి, కానియ్."

మాటల్లో సగం గాలే వచ్చింది. అయినా స్టేజీ దాకా వెళ్లింది. బంగారయ్య మెట్ల దగ్గరే ఆగి, అబ్బులుగారి పిడికిలి చూశాడు, తన అరచేయి చూసుకున్నాడు. ఆ తర్వాత ఆ బోసి మొహంలో ఏదో వెలిగింది. మిగిలిన కిందివరస కూడా తీసి, రెండూ చొక్కా జేబులో పడేసుకుని మైకు దగ్గరికి వచ్చాడు.

"జెండా మోసిన భుజానికీ..."

పళ్లు లేవు, పట్టుకునేది లేదు. ఆ మాట పందిరి దాటి, జెండాలు దాటి, అవతల నిలిపిన బస్సుల దాకా సాగిపోయింది. ఇన్నేళ్లూ ఆ నినాదాన్ని లోపల్నుంచి విన్నాను. బయట్నుంచి వినడం అదే మొదలు. అందులో సగం గొప్ప నాదని అనుకునేదాన్ని కదా, పిసరంత కూడా నాది కాదు. సిగ్గుపడాల్సింది, నాకేమో ఒళ్లంతా పులకరించింది.

కెమెరావాడు అబ్బులుగారి వైపు తిప్పాడు. రెండు తెరల నిండా ఆయన బోసినోరు. ఆయన తలెత్తి చూసుకున్నాడు. మూసుకుంటాడనుకున్నాను. మూసుకోలేదు. ఆ నోరు ఇంకా పెద్దగా తెరిచి "జై" అన్నాడు. ఆ తర్వాతే పందిరంతా అంది.

తర్వాత మమ్మల్ని కుళాయి కింద కడిగి ఎవరి సెట్టు వాళ్లు తీసుకున్నారు. నేను ఇప్పటికీ బంగారయ్య నోట్లోనే ఉంటాను, పెళ్లిళ్లకీ ఫొటోలకీ. నినాదం ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం నన్ను తీసి చొక్కా ఎడమ జేబులో వేసుకుంటాడు. చీకటిగానే ఉంటుంది గాని, అక్కడ ఆయన గుండె చప్పుడు బాగా వినిపిస్తుంది.